తల దువ్వే పన్నెండు పేజీలు

రండమ్మా, ముందుకి జరగండి. ఆ వెనక గోడకి ఆనుకున్న పెద్దాయనా, మీరూ ఇలా వచ్చి చాప మీద కూర్చోండి. హారతి అయింది, ప్రసాదానికి ఇంకా వేళ ఉంది. ఈలోగా ఒక గురువుగారి ముచ్చట చెబుతాను, చెవులు ఇటు పెట్టండి.

ముందే చెప్పేస్తున్నాను, ఆ గురువు దయ్యాల నవలలు రాసేవాడు. అదిగో, అప్పుడే మొహాలు చూసుకుంటున్నారు! దేవుడి ముందు దయ్యాల మాటేమిటనే కదూ? ఆయన తెల్లవారుతూనే స్నానం చేసి, దేవుడికి దీపం పెట్టి, ఆ దీపం కొండెక్కే లోపల ఆ పూట దయ్యాన్ని రాసి ముగించేవాడు. చీకటి పడ్డాక పెరట్లోకి ఒంటరిగా వెళ్లాలంటే ఆయనకే భయం. కాబట్టి దోషమేమీ లేదు, వినండి.

తెనాలిలో అందరూ ఆయన్ని కామేశం మాస్టారు అనేవారు. బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. ఆయన శిష్యుడు గుర్నాథం. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం. ఆరేళ్లుగా రోజూ పొద్దున్నే వచ్చి, మాస్టారు చెబుతుంటే రాసుకుని, సాపు ప్రతి తీసి ఇచ్చేవాడు. ఎప్పటికైనా తనూ రచయిత కావాలని అతని ఆశ. ఆరేళ్లలో అతని పేరు ఒక్కసారీ అచ్చులో పడలేదు.

మాస్టారి పుస్తకాలన్నిటిలోకీ పెద్దది ‘దొడ్డి గుమ్మం’. ఎనిమిది వందల పన్నెండు పేజీలు. రాజ్యం అనే అమ్మాయి కొత్తగా కాపురానికి వస్తుంది. ఆ ఇంట్లో దొడ్డి వైపు తలుపు వేసి వస్తే మళ్లీ తెరుచుకుని ఉంటుంది. కథ అంతే. కానీ దయ్యం ఇంట్లో అడుగుపెట్టేది ఎక్కడో తెలుసా? మూడు వందల పదమూడో పేజీలో!

అక్కడే వచ్చింది గొడవ.

ఖాజావలి అద్దె పుస్తకాల షాపు ముందు ఒక బల్ల ఉండేది. సాయంత్రమైతే మాస్టారి అభిమానులంతా దాని మీదే. అందులో రెండు వర్గాలు. టైలరు యోహానుది కోత వర్గం. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పనిచేసే సుభద్రమ్మది మొత్తం వర్గం.

“నేను లాల్చీ కుడతాను. గుడ్డ ఎక్కువైతే కత్తిరించనా? మోకాళ్ల కిందికి వేలాడదీస్తానా?” అనేవాడు యోహాను.

“నువ్వు కుట్టిన జాకెట్టు నాకు ఊపిరాడనివ్వలేదు. నువ్వా కొలతలు చెప్పేది?” అనేది సుభద్రమ్మ.

“దయ్యం రావడానికి మూడు వందల పేజీలేంటక్కా! రైల్లో వస్తోందా అది?”

“వస్తుందని తెలిసి కూడా మూడు వందల పేజీలు కూర్చున్నావా లేదా? లేవలేదు కదా? మరి నోరు మూసుకో!”

ఖాజావలి నవ్వుకుంటూ పుస్తకాలకు అట్టలు వేసుకునేవాడు. రెండు వర్గాలూ అవే పుస్తకాలు మళ్లీ మళ్లీ పట్టుకెళ్లేవి మరి.

గుర్నాథం ఆ బల్ల చివర కూర్చుని అన్నీ వినేవాడు. పైకి అనేవాడు కాదు గానీ, లోపల అతనిది యోహాను వర్గమే. ప్రూఫులు దిద్దేవాడి కన్ను కదా, ఎక్కడ చూసినా కొట్టేయాల్సిన ముక్కే కనపడేది.

అలాంటి సమయంలో విజయవాడ నుంచి పబ్లిషరు దశరథరామయ్య గారి ఉత్తరం వచ్చింది. నేరుగా గుర్నాథం పేరు మీద.

‘దొడ్డి గుమ్మం కాపీలు అయిపోయాయి. అంత లావు పుస్తకం మళ్లీ వెయ్యం. మూడు వందల పేజీలకు దించితే వేస్తాం, ఇక ఎప్పటికీ అదే ఉంటుంది. దించే పని మీరు చేస్తే అట్ట మీద మాస్టారి పేరు కింద మీ పేరు వేస్తాం. మాస్టారి సంతకం మీరే తీసుకుని ఉంచండి. పై నెల మొదటి శనివారం నేనే వస్తాను.’

అట్ట మీద పేరు! గుర్నాథం ఆ ఉత్తరం ఎన్నిసార్లు చదివాడో లెక్కలేదు.

మాస్టారి బీరువాలో రచయిత కాపీ ఒకటి ఉంది. అచ్చయిన రోజున వచ్చింది వచ్చినట్టే ఉంది, మడత నలగలేదు. చదువుకుంటానని అది అడిగి తీసుకెళ్లాడు. గురువుగారి కాపీ కదా అని, నలక్కుండా సగమే తెరుస్తూ నెల రోజులు కూర్చున్నాడు. మొదటి మూడు వందల పేజీలు అరవై చేశాడు. చివరికి మూడు నోటు పుస్తకాల్లో కథంతా సర్దేశాడు. చూసుకుంటే అతనికే ముచ్చటేసింది. పరుగెడుతోంది కథ!

శనివారం పొద్దున నోటు పుస్తకాలూ, తీసుకెళ్లిన కాపీ మాస్టారి ముందు పెట్టి, ఉత్తరం సంగతి చెప్పి, చేతులు కట్టుకు నిలబడ్డాడు.

“పబ్లిషరు గారు పదకొండింటికి వస్తారండీ. తమరు సంతకం పెడితే...”

మాస్టారు కళ్లజోడు పెట్టుకున్నాడు. మూడు నోటు పుస్తకాలూ తిరగేశాడు.  

తిరగేయడం అయ్యాక మాస్టారు లేచి చెప్పులేసుకున్నాడు.

“ఆ నోటు పుస్తకాలు సంచిలో పెట్టు. నా కాపీ కూడా పెట్టు. పద.”

“ఎక్కడికండీ?”

“పుస్తకం చూడ్డానికి.”

పుస్తకం సంచిలోనే ఉంది కదా అనుకున్నాడు గుర్నాథం. పైకి అనే ధైర్యం లేక వెంట నడిచాడు.

శనివారం కాబట్టి షాపు దగ్గర పొద్దున్నే జనం చేరారు. యోహాను, సుభద్రమ్మ అప్పటికే వాదన అందుకున్నారు. మాస్టారిని చూసి సుభద్రమ్మ లేచి నిలబడింది. యోహాను కూడా లేచాడు గానీ, మాట మాత్రం తగ్గించలేదు.

“మాస్టారూ, మీ మొహం మీదే చెబుతున్నా, ఏమీ అనుకోకండి. ఆ పుస్తకానికి కత్తెర పడాల్సిందే!”

“పడింది నాయనా,” అన్నాడు మాస్టారు. “మావాడు వేశాడు. అదే చూద్దామని వచ్చాం.”

గుర్నాథం ఛాతీ కొంచెం పొంగింది. సుభద్రమ్మ అతని వైపు చూసిన చూపుకి మళ్లీ తగ్గింది.

మాస్టారు సంచిలోంచి తన కాపీ తీశాడు. కుట్టు వైపు కిందికి వచ్చేలా బల్ల మీద నిలబెట్టి, రెండు చేతులూ వదిలేశాడు. పుస్తకం మూసింది మూసినట్టే పక్కకి ఒరిగి పడింది. మళ్లీ నిలబెట్టాడు, మళ్లీ అలాగే పడింది.

“ఖాజావలీ, నీ కాపీ ఇలా ఇవ్వు.”

“ఉన్న మూడూ బయటే ఉన్నాయి మాస్టారూ. ఆగండి, ఒకటి ఇప్పుడే తిరిగొచ్చింది.” లోపల్నుంచి తెచ్చి ఇచ్చాడు.

అబ్బ, ఎలా ఉందనుకున్నారు ఆ కాపీ! అట్ట మూడోసారి వేసింది. మూలలు గుండ్రంగా అరిగిపోయాయి. కొబ్బరినూనె, పసుపు, టీ మరకలు, అన్నీ కలిసిన వాసన.

మాస్టారు దాన్నీ అలాగే కుట్టు మీద నిలబెట్టాడు. చేతులు వదిలేశాడు.

పుస్తకం తనంతట తానే తెరుచుకుంది.

మూసి, మళ్లీ నిలబెట్టాడు. అదే పేజీ తెరుచుకుంది. మూడోసారీ అదే పేజీ. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు ముందుకు వంగి చూస్తున్నారు.

“ఎన్నో పేజీ?” అన్నాడు మాస్టారు.

“నూట ఎనభై ఏడండీ,” అన్నాడు గుర్నాథం. దయ్యం రావడానికి ఇంకా చాలా దూరం. అతనికి ఆ పేజీ బాగా గుర్తే. రాజ్యం తల దువ్వించుకోవడం. వంటింటి గడప మీద అత్తగారు కూర్చుంటుంది, కింద మెట్టు మీద రాజ్యం. చిక్కు తీయడం, నూనె రాయడం, పాయలు తీయడం, మధ్యలో అత్తగారి చిన్ననాటి కబుర్లు. పన్నెండు పేజీల పాటు ఇంకేమీ జరగదు. కత్తిరించాల్సిన వాటిలో అతను మొట్టమొదట కత్తిరించింది అదే.

“నీ నోటు పుస్తకంలో ఆ చోటు వెతికి చదువు. అందరికీ వినపడాలి.”

గుర్నాథం వెతికాడు. దొరకడానికి కొంచెం సేపు పట్టింది. గొంతు సవరించుకుని చదివాడు.

“‘అత్తగారు రాజ్యాన్ని కన్నకూతురిలా చూసుకునేది.’”

“ఊఁ, తర్వాత?” అన్నాడు యోహాను.

“తర్వాత... దొడ్డి తలుపు దగ్గర చప్పుడు.”

“అదేంటి? తల దువ్వేది ఏది?”

“తీసేశాను.”

“తీసేశావా!” యోహాను బల్ల మీద చరిచాడు. “మతి ఉండే తీశావా? అత్తగారు పోయిన ఎనిమిదో రోజున ఆ పిల్ల గడప మీద ఏడుస్తూ కూర్చుంటే, వెనకనించి ఎవరో పాయలు తీస్తుంటారు కదయ్యా! ఆ పిల్ల హాయిగా కళ్లు మూసుకుంటుంది, అప్పుడు గుర్తొస్తుంది ఆవిడ లేదని. ముందు ఆ చేతులేంటో తెలీకపోతే అక్కడ మాకేం తెలిసి చస్తుంది?”

అందరూ తల తిప్పి యోహాను వైపే చూశారు.

“ఏం తమ్ముడూ, లాల్చీ మోకాళ్ల కిందికి వేలాడుతోందన్నావు?” అంది సుభద్రమ్మ, చాలా మెల్లగా.

“వేరేవి కొయ్యమన్నాను గానీ, అది కొయ్యమన్నానా!” అన్నాడు యోహాను. చెవులు ఎర్రబడ్డాయి. ఖాజావలికి నవ్వాగక లోపలికి వెళ్లిపోయాడు.

 మాస్టారు అద్దె కాపీని తెరిచింది తెరిచినట్టే గుర్నాథం చేతుల్లో పెట్టాడు.

గుర్నాథం తల వంచి చూశాడు. ఎన్ని చేతులు అక్కడే తెరిచి చదివాయో, ఆ పేజీ అంచుల నిండా చేతిరాతలు. ఒక మూల నల్ల సిరాతో ‘మా అత్తమ్మ’ అని ఉంది, అంతకు మించి ఏమీ లేదు. దాని కింద వేరే రాత: ‘మా అమ్మమ్మ గాజుల చప్పుడు.’ ఇంకోచోట వంకర అక్షరాలతో, అప్పుడే రాయడం నేర్చిన చెయ్యి కాబోలు: ‘పెద్దక్క.’ పేజీల మడతలో ఒక నెరిసిన వెంట్రుక చిక్కుకుని ఉంది. ఎవరిదో, ఎప్పటిదో.

అన్నిటి కిందా, గుడ్డ మీద కొలతలు గీసే నీలం పెన్సిల్‌తో ఒక వరస ఉంది: ‘మా అమ్మ చేతులు.’

ఊళ్లో నీలం పెన్సిల్ చెవిలో పెట్టుకుని తిరిగేవాడు ఒక్కడే.

గుర్నాథం తలెత్తి యోహాను వైపు చూశాడు. యోహాను ఎటో చూస్తున్నాడు. గుర్నాథం పుస్తకాన్ని మెల్లగా మూసేశాడు. ఆ వరస సంగతి అప్పుడు గానీ తర్వాత గానీ ఎవరికీ చెప్పలేదు.

ఇంటికొచ్చేసరికి అరుగు మీద దశరథరామయ్య గారు విసనకర్రతో విసురుకుంటూ కూర్చుని ఉన్నాడు.

“రండి రండి, గుర్నాథం గారూ! సిద్ధమేనా?”

గారు! ఆ మాట అతన్ని ఎవరూ అనలేదు అంతకు ముందు. ఒక్క క్షణం, చూడండి, ఒక్కటే క్షణం, గుర్నాథం కళ్ల ముందు అట్ట కనపడింది. దాని మీద తన పేరు కనపడింది. మాస్టారు కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లిపోయాడు. చెయ్యి పట్టి ఆపేవాళ్లు ఎవరూ లేరు.

“సిద్ధం కాదండీ,” అన్నాడు గుర్నాథం. “కొయ్యడం లేదు.”

“అదేమిటయ్యా! నెల రోజులు కూర్చున్నారు కదా? సంచిలో ఉన్నవేమిటి?”

“నా తప్పులండీ.”

దశరథరామయ్య గారు విసనకర్ర ఆపాడు. “చూడు బాబూ, ఇంత లావు పుస్తకం ఈ రోజుల్లో ఎవరు చదువుతారు?”

“ఖాజావలి షాపులో మూడు కాపీలున్నాయి. నేను తీసుకుందామన్నా వంతు రాదు. తమరు కావాలంటే వెళ్లి వరసలో నిలబడండి.”

“అంటే నన్ను మానుకోమంటావా? మేం వెయ్యకపోతే ఇంకెవరూ వెయ్యరు. ఆ మూడూ చిరిగిపోతే పుస్తకమే ఉండదు!”

గుర్నాథం సంచిని చంకలోకి లాక్కున్నాడు. 

“చిరిగితే నేను రాసిస్తానండీ. ఆరేళ్లుగా ఆయన మాట రాస్తూనే ఉన్నాను. ఎనిమిది వందల పన్నెండు పేజీలూ రాస్తాను. అది చిరిగితే ఇంకోటి రాస్తాను. వేస్తే మొత్తం వేయండి. మూడు వందల పేజీలది మాత్రం నా చేతి మీదుగా రాదు.”

దశరథరామయ్య గారు తన సంచి అందుకుని మెట్లు దిగాడు. గేటు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగాడు. గుర్నాథం అలాగే నిలబడి ఉన్నాడు. ఆయన వెళ్లిపోయాడు.

మాస్టారు తువాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఎంత వరకు విన్నాడో ఏమో, మొహంలో ఏమీ తెలియలేదు. దేవుడి దగ్గర దీపం ఇంకా వెలుగుతోంది. దాని పక్కనే ఆయన పీట, ఎదురుగా గుర్నాథం చాప.

“ఎన్ని పేజీలు తగ్గాయిరా?” అన్నాడు.

“తగ్గలేదండీ.”

“కూర్చో. కలం తియ్యి.” మాస్టారు పీట మీద సర్దుకుని కళ్లు మూసుకున్నాడు. “ఆ తల దువ్వే చోట రెండు పేజీలు తక్కువయ్యాయి. రాసుకో.”

అదమ్మా సంగతి. ఇంకేమీ గుర్తుండక్కర్లేదు మీకు, ఆ బల్ల దగ్గర మాస్టారి చేతులు చేసిన పని ఒక్కటి గుర్తుపెట్టుకోండి. రేపు మీ ఇంట్లో ఎవరి మాటైనా, ఎవరి కథైనా పొడుగనిపించి కత్తెర తియ్యబోతే, ముందు దాన్ని నిలబెట్టి మీ చేతులు వదిలేసి చూడండి. ఎక్కడ తెరుచుకుంటుందో చూశాక, ఆ చూసింది ఇంకొకరికి చూపించండి.

రండి, ప్రసాదం వచ్చింది. ఆ పెద్దాయనకి ముందు పెట్టండి.