గానుగశాలకు పట్టిన నడుం నొప్పి

గానుగ సింహాచలమ్మ కొట్టంలో గంగులు అని ఓ ముసలి ఎద్దు ఉండేది. గానుగ చుట్టూ అది తిరిగిన తిరుగుడంతా సాగదీస్తే కాశీకి వెళ్లి, రామేశ్వరం చూసి, దారి మరిచిపోయి మళ్లీ కాశీకి వెళ్లొచ్చు. వేసవిలో దాని నడుం పట్టేసింది. మూలిగిన మూలుగుకి పక్కూళ్లో ఉట్టి మీది కుండలు పగిలాయి! సింహాచలమ్మ జాలిపడి కాడి దింపి, నీడన కట్టి, తట్టెడు తెలగపిండి పెట్టింది.

ఈ వైభోగం గడ్డివామి చాటునుంచి నక్క చూసింది.

"ఓసి వెర్రిమొహాల్లారా, మీకు మాత్రం నడుముల్లేవటర్రా?" అంది గేదెతోనూ గాడిదతోనూ. "మూలగండి. వచ్చిన పిండిలో సగం నాది."

తొలకరికి గేదె నడుం పట్టింది. నాట్లనాటికి గాడిదకీ మేకలకీ పాకింది. దసరాకల్లా కోడిపుంజు కూత మానేసి "అబ్బా, నడుమే" అనసాగింది. ఆఖరికి తొట్టికింద నత్త కూడా మూలిగింది, నడుమెక్కడుందో దానికే తెలీదు!

"కాలం మారిపోయింది, ఎక్కడ చూసినా నడుం నొప్పులే!" అంటూ నక్క పెద్దమనిషిలా తలాడించింది. సగం వాటా చాలక, గోనెపట్టా కప్పుకుని మేకల మధ్య చేరి, అందరికంటే గట్టిగా మూలగసాగింది.

అందరూ పడుకుంటే గానుగ తిప్పేదెవరు? అలవాటైన మెడ కదా అని కాడి మళ్లీ గంగులు మీదే పడింది. 'ఇంకో నాలుగు రోజులైతే నువ్వులతోపాటు నేనూ పిండైపోతా' అనుకుంది గంగులు.

ఆ సాయంత్రం గేదెని పలకరించింది. "ఏమ్మా మహాలక్ష్మీ, నడుమెలా ఉంది?"

"అడక్కు అన్నయ్యా, ప్రాణం పోతోంది."

"అదృష్టవంతురాలివి. తెల్లారగానే వాతలేసే ఆయన వస్తున్నాడట. నొప్పి ఉన్న ప్రతి నడుముకీ ఎర్రగా కాల్చిన కడ్డీతో మూడేసి వాతలు."

"మూడా!"

"మూడు నత్తకమ్మా. గేదెలకి ఎంత చోటుంటే అన్ని."

ఆ మాట కొట్టమంతా పాకింది. పిండి మెక్కి గుర్రుపెడుతున్న నక్క చెవిన మాత్రం పడలేదు.

పొద్దున్నే గేదె గంతులేసింది. గాడిద తనంతట తానే వెళ్లి కాడికింద మెడ పెట్టింది. కోడిపుంజు కూసిన కూతకి సూర్యుడు కంగారుపడి రెండుసార్లు లేచాడు. అట్లు పోస్తున్న సింహాచలమ్మ, ఈ విడ్డూరం చూద్దామని కాలుతున్న అట్లకాడతోనే పరుగెత్తుకొచ్చింది. కొట్టంలో రెండే మూలుగులు. ఒకటి గంగులుది. రెండోది గోనెపట్టాలోంచి.

పట్టా లాగింది. "ఓసి నీ నడుం విరగ! నువ్వా?"

చుర్రుమంది అట్లకాడ.

నక్క పెట్టిన కేక ఇంకా చుట్టుపక్కల కొండల్లోనే తిరుగుతోందంటారు. గంగులు మాత్రం మళ్లీ నీడన పడుకుని, తెలగపిండి నములుతూ అనుకుంది: 'పులిని చూసి వాత పెట్టుకున్న నక్కని విన్నాం గానీ, ఎద్దుని చూసి పెట్టించుకున్నది ఇదొక్కటే!'

ఊరంతా ఉత్తుత్తిగా మూలిగితే, నొప్పి ఉన్నవాడి మెడమీదే కాడి పడుతుంది.