మిడతలతో యుద్ధం

రాగులపాడు చేలను మిడతల దండు మూడు రోజులు మేసింది. జనం డప్పులు కొట్టారు, పొగ పెట్టారు, చివరికి చేతులతోనే చంపారు. అయినా జొన్నచేలల్లో మోళ్లే మిగిలాయి. నెల తిరిగేసరికి ఊళ్లో ఇద్దరు ముసలివాళ్లు ఆకలితో పోయారు.

సుంకమ్మ అనే రైతు ఊరివాళ్లను వెంటబెట్టుకుని రాజుగారి ధాన్యపు కొట్టు దగ్గరికి వెళ్లింది. దాని అధికారి భైరవరాయుడు పది మంది భటులతో అడ్డం నిలబడ్డాడు.

"ఈ గింజలు సైనికులకే. యుద్ధం చేసినవాళ్లకే పెడతాం," అన్నాడు.

"యుద్ధమంటే ఏమిటి దొరా?" అని అడిగింది సుంకమ్మ.

"శత్రువు హద్దు దాటొచ్చి పంట నాశనం చేస్తుంటే ఎదురు నిలిచి పోరాడటం."

"మేం చేసిందీ అదే కదా!"

భైరవరాయుడు నవ్వాడు. "చేసి ఓడిపోయారుగా. ఓడినవాళ్లకు తిండెందుకు?"

సుంకమ్మ భటుల వైపు తిరిగింది. "విన్నారా నాయనా? రేపు మీరు ఓడి వచ్చినా మీకూ ఇదే మాట."

పది మందీ అధికారి ముఖంలోకే చూస్తూ నిలబడ్డారు. అతని నవ్వు ఆగిపోయింది. నడుముకున్న తాళంచెవి తీసి సుంకమ్మ చేతిలో పెట్టాడు.

తలుపు తెరిస్తే, లోపల సగం జొన్నలు పురుగు పట్టి ఉన్నాయి. జనం అక్కడే కూర్చుని వాటిని చెరుగుకోవడం మొదలుపెట్టారు.