రాయప్ప జరిపిన దీపం

"వనజా! ఓ వనజా! ఎవురితో మాట్లాడతాండావు మే?"

వాకిట్లో కూచుని తోలుబొమ్మ కుడుతున్న రాయప్ప తాత కేకేశాడు. లోపలి గదిలోంచి జవాబు రాలేదు. "హాయ్ ఫ్రెండ్స్, వెల్‌కమ్ టు మై లైవ్" అన్న మాట మాత్రం వినపడింది. గొంతు వనజదే. కానీ ఆ పలికే తీరు ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్నట్టుంది.

తాత సూదిని బొమ్మకే గుచ్చి లేచి వచ్చాడు. టీవీ ముందర వనజ ఒక్కతే ఉంది. చెవులకి హెడ్‌ఫోన్లు, చేతిలో గేమ్ రిమోటు.

"ఉష్! లైవ్ పోతాంది తాతా. నువ్వు అరిచింది అందరికీ వినపడుంటుంది."

"అందరికీ అంటే?"

వనజ తెర మూలనున్న అంకె చూసింది. సున్నా.

"ఇప్పుడైతే ఎవురూ లేర్లే," అంది.

"అయితే ఇంగో తూరి అరుస్తా," అన్నాడు తాత.

వనజకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. లైవ్ ఆపేసింది.

ధర్మవరం దగ్గరి ఆ ఊళ్ళో తోలుబొమ్మలాటకి రాయప్ప గురువు. వనజ ఆయన శిష్యురాలు. పరికిణీ కట్టే వయసు నుంచీ ఆయన పక్కన తెర వెనకే పెరిగింది. అలాంటి వనజ మనసు ఇప్పుడు ఈ గేమ్ బాక్సు మీద పడింది. బెంగుళూరులో పనిచేసే బావ మంజునాథ తెచ్చిచ్చాడు దాన్ని. టీవీకి తగిలించి, వనజ ఫోన్ నుంచి నెట్ ఇచ్చి, ఆ ఫోన్‌నే ఆమె మొహం కనపడేలా కెమెరాగా నిలబెట్టి, ఆమె పేరు మీద ఒక ఖాతా తెరిచాడు. హెడ్‌ఫోన్ మైకు నోటి దగ్గరికి వంచి, రిమోటు మీద చిన్న బటన్ చూపించాడు.

"ఇది నొక్కితే చాలు. నువ్వాడేది లోకమంతా చూడొచ్చు."

లోకమంతా! ఆ మాట దగ్గరే వనజ ఆగిపోయింది. పేరు తెలియని ఏదో ఊళ్ళో, వానకి తడిసిన కిటికీ పక్కన, ఎవరో టీ గ్లాసు పట్టుకుని తన ఆట చూస్తూ నవ్వుతున్నట్టు ఊహించుకుంది. ఆ నవ్వు కోసమే రోజూ జడ వేసుకుని కూచునేది.

బావ వెళ్తూ ఒక మెలిక పెట్టాడు. "ఆదివారం మళ్ళా వస్తా. ఆ పొద్దు నీ లైవు ఒక్కరన్నా ఆఖరు దాకా చూసినారనుకో, బాక్సు నీకే. లేదంటే ఎత్తుకపోతా. అడిగేటోళ్ళు శానామంది ఉండారు."

అందుకే ఈ దిగులు.

"వస్తారు, కాసేపుంటారు, పోతారు తాతా. మొన్న ఒకాయన 'ఇది రికార్డింగా?' అని రాసి వెళ్ళిపోయినాడు. నేను ఒక్క తప్పు కూడా చెయ్యలేదు తెలుసా?"

నిజంగానే చెయ్యలేదు. ఆ ఆటలో ఒక గొర్రెల కాపరి పిల్ల లాంతరు పట్టుకుని, తప్పిపోయిన గొర్రెపిల్లల్ని వెతుక్కుంటూ కొండలెక్కుతుంది. వనజ ఆ పిల్లని గోతుల మీదుగా, తోడేళ్ళ మధ్య నుంచి జారకుండా నడిపించేది. తోడేలు దూకినప్పుడల్లా "అమ్మో!" అని గుండె మీద చెయ్యేసుకునేది.

"ఆ తోడేలు వస్తాదని నీకు ముందే తెలుసు కదా?" అన్నాడు తాత.

వనజ రిమోటు తుడుచుకుంది. "లైవుకి ముందు ఒకసారి ఆడి చూసుకుంటాలే."

"మరి అమ్మో అంటివే?"

"అట్లనాల తాతా. అందరూ అంటారు."

తాత వాకిట్లోకి వెళ్ళి మళ్ళీ బొమ్మ ఒళ్ళోకి తీసుకున్నాడు. వనజ వెనకాలే వెళ్ళి అరుగు మీద కూచుంది. దండెం మీద ఆరేసిన బొమ్మల్లోంచి ఎండ దూరి, ఆమె చేతుల మీద ఎర్రగా, పచ్చగా పడుతోంది.

"తాతా, తెర వెనక నిలబడితే నీకు జనం కనపడరు కదా. ఉండారో పోయినారో ఎట్ల తెలిసేది?"

"నవ్వితే తెలుస్తాది. నవ్వకపోతే దగ్గుతారు. దగ్గు కూడా ల్యాకపోతే బొమ్మ దించేసి బీడీ ముట్టించుకోడమే."

"తమాషా వద్దు తాతా."

తాత చేతిలోని రాజు బొమ్మని ఎత్తి చూపించాడు. భుజం దగ్గర కొత్త కుట్లున్నాయి. "కదిరిలో యాడ బాగా నవ్వినారు?"

వనజ పకపకా నవ్వింది. కదిరి ఆటలో యుద్ధం మధ్యన రాజు చెయ్యి ఊడి కిందపడింది. అలాంటప్పుడు హాస్యపు బొమ్మని తెర మీదికి పంపడం వాళ్ళ మేళం అలవాటు. వనజే దాన్ని గబుక్కున తెరకి ఆనించి, "అయ్యా, మా రాజు చెయ్యి ఊడింది! కుట్టేదాకా మీకు నేనే దిక్కు!" అని అరిచింది. జనం ఈలలేశారు. ముసలావిడ ఎవరో "నిమ్మళంగా కుట్టుకోండి నాయనా" అని కూడా అంది.

"ఆ మాట నీకు నేను నేర్పలేదే," అని తాత దారం కొరికాడు. అంతే.

ఆదివారం మధ్యాహ్నం మంజునాథ వచ్చాడు. వస్తూనే బాక్సు పెట్టుకోవడానికి ఖాళీ సంచి మంచం మీద పరిచాడు. వనజ దాన్ని చూడనట్టే ఉండిపోయింది.

ఎప్పటిలాగే గది తలుపులు మూసి, బొమ్మలాటలో వాడే బల్బు స్టాండు తెచ్చి తన వెనకాల నిలబెట్టుకుంది. దీపం అక్కడే పెట్టడం చిన్నప్పటి నుంచీ ఆమె చేతులకి అలవాటు. టీవీ తెర మూలన ఫోన్ కెమెరా చూపించే చిన్న గడిలో, ఆమె మొహం ఉండాల్సిన చోట నల్లటి నీడ ఊగుతోంది. కళ్ళూ ముక్కూ లేని ఆ నీడ వనజకి అందంగానే అనిపించేది. ఏదో కథలో పిల్ల అనుకునేది.

బటన్ నొక్కింది. "హాయ్ ఫ్రెండ్స్..."

ముగ్గురు వచ్చారు. కాపరి పిల్ల కొండెక్కింది. తోడేలు దూకింది. "అమ్మో!" అంది వనజ. ఒకరు వెళ్ళిపోయారు. వాగు దాటింది. ఇంకొకరు వెళ్ళిపోయారు. మిగిలిన ఒకే ఒక్కరు ఏదో రాశారు. మంజునాథ తెర మీద చూసి పైకి చదివాడు.

"'అక్కా, రెండు దారులున్నాయి కదా, ఎడమ పక్కకి పోతే ఏముంటుంది?' అంటాండాడు."

వనజ విననట్టు నటించింది. రాత్రి ముందుగా ఆడి చూసుకున్నది కుడి దారే. కాపరి పిల్ల రెండు దారుల మధ్య లాంతరు ఊపుతూ నిలబడిపోయింది. వనజ వేళ్ళు కదల్లేదు. మంజునాథ సంచి దగ్గరికి లాక్కున్నాడు.

అప్పుడు గది మూలన కూచున్న రాయప్ప తాత లేచాడు. గొంతు సవరించుకోలేదు, శిష్యురాలి వంక చూడలేదు. ఆమె వెనకనున్న బల్బు స్టాండుని వైరుతో సహా ఎత్తి, మెల్లగా చుట్టూ తిరిగి వచ్చి, ఆమె ముందర పెట్టాడు.

"బొమ్మకైతే ఎనక పెట్టాల," అన్నాడు. వెళ్ళి గోడకానుకుని కూచున్నాడు.

చిన్న గడిలో నీడ మాయమైంది. అక్కడొక పిల్ల ఉంది. ముక్కు మీద చెమట, పక్కకి జరిగిన బొట్టు, కొరుక్కుంటున్న పెదవి. వనజ ఆ పిల్లని చాలాసేపు చూసింది. ఆ పిల్లకి భయంగా ఉంది. ఆ పిల్ల భలే ఉంది కూడా.

కాపరి పిల్లని ఎడమకి తిప్పింది.

నాలుగడుగులు పోయిందో లేదో, గడ్డి కింద బురదగుంట. కాపరి పిల్ల లాంతరుతో సహా నడుం దాకా దిగబడింది. గట్టు మీద గొర్రెపిల్ల ఒకటి తొంగి చూసి, తీరిగ్గా "మే" అంది.

"ఓరి నీ యబ్బా!" అని వనజ కెవ్వుమంది. రిమోటు ఎగిరి మంజునాథ ఒళ్ళో పడింది. వాకిట్లో కోళ్ళు చెదిరి పరిగెత్తాయి.

తెర మీద నవ్వుల బొమ్మలు పుట్టుకొచ్చాయి. 'లేవక్కా లేవక్కా' అని రాశాడు ఆ ఒక్కడూ. కాసేపటికి వాడి స్నేహితులెవరో వచ్చారు. వనజ లేచింది, మళ్ళీ పడింది. ముళ్ళ పొదలో ఇరుక్కుంది. గొర్రెపిల్ల పారిపోతే దాన్ని తిట్టింది, తర్వాత బుజ్జగించింది. 'హాయ్ ఫ్రెండ్స్' గొంతు ఎప్పుడు జారిపోయిందో ఆమెకే తెలియదు. మేళంలో అందరినీ నవ్వించే గొంతే వస్తోంది. తాత గోడకానుకుని భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు. తెర అవతల చూసేవాళ్ళూ నవ్వుతున్నారని వనజకి తెలిసిపోతోంది. ఎట్ల తెలుస్తోందో చెప్పమంటే మాత్రం చెప్పలేకపోయేది.

ఎండ దండెం దిగి అరుగు దాటేసరికి గొర్రెపిల్ల చేతికి చిక్కింది. మంజునాథ అంకె చూశాడు. ఎడమ దారి అడిగినవాడు ఇంకా ఉన్నాడు. సంచి మడతపెట్టి తలగడ కింద తోసేశాడు.

లైవ్ ఆపబోతుంటే ఆ అబ్బాయి ఇంకో ముక్క రాశాడు. ఈసారి వనజే చదువుకుంది.

'అక్కా, మొదట కొండ మీద ఒక్క తప్పు కూడా చెయ్యలేదు కదా, అదెట్ల?'

వనజ తాత వైపు చూసింది. తాత చెవి గోక్కుంటూ పైకప్పు చూస్తున్నాడు. దీపం వెలుగు సూటిగా కళ్ళల్లో పడుతోంది. ఆమె మొహం పక్కకి తిప్పుకోలేదు. మైకు నోటి దగ్గరికి వంచుకుంది.

"ఆ కొండ రాత్రే ఎక్కొచ్చినా తమ్ముడూ. తోడేలు యాడుందో నాకు తెలుసు. ఆ అమ్మోలన్నీ ఉత్తివే. బురదలో పడినప్పుడు అరిచినా చూడు, అదొక్కటే నాది."