చేప దగ్గర గాలం నేర్చుకున్న ఎలుగుబంటి

అనగనగా ఒక కొండ అడవిలో ఒక సెలయేరు. దాని నీళ్ళు ఎంత చల్లనంటే, ఎండాకాలంలో కూడా కప్పలు తుమ్ముతూ ఉండేవి. ఆ ఏటి ఒడ్డున భల్లన్న అనే ఎలుగుబంటి ఉండేవాడు.

భల్లన్నకు ఒకటే దిగులు. చలికాలం మూడు నెలలూ గుహలో పడుకోవాలి. ఆలోపు కడుపారా చేపలు తిని ఒళ్ళు చేయాలి. లేకపోతే పడుకున్నవాడు మళ్ళీ లేవడు. కానీ ఆ ఏడాది నీళ్ళలో దిగితే చాలు, మోకాళ్ళు పట్టేసేవి.

ఏటి ఎగువన మునకమ్మ అనే ముసలి నీటికుక్క ఉండేది. పళ్ళూడిపోయి, మునగడం ఎప్పుడో మానేసింది. ఈకకు దారం చుట్టి దొంగ ఈగను చేసేది. దాన్లో కొక్కెం దాచి, పొడుగాటి కర్రకు కట్టి, ఒడ్డునుంచే విసిరేది. చేప నిజం ఈగ అనుకుని ఎగిరి పట్టుకునేది. అంతే, బుట్టలో పడేది.

"అత్తా, నాకూ నేర్పవా?" అని అడిగాడు భల్లన్న.

"నేర్పుతాను. కానీ ముందు పది రోజులు గడ్డి మీద విసరాలి."

"గడ్డిలో చేపలుంటాయా అత్తా?"

"ఉండవురా. విసరడం రానివాడికి నీళ్ళలోనూ ఉండవు."

ఆ మాట భల్లన్నకు రుచించలేదు. ఒక గాలపుకర్ర అడిగి పుచ్చుకుని, నేరుగా ఏటికి పోయాడు. మొదటిసారి విసిరితే కొక్కెం తన చెవికే తగులుకుంది. రెండోసారి అటుగా పోతున్న ముళ్ళపందికి తగిలింది. ముళ్ళపంది తిట్టిన తిట్లు మూడు కొండలు విన్నాయి. మూడోసారి కర్రతో సహా గాలమంతా దభేల్మని నీళ్ళలో పడింది.

అప్పుడు ఒక పెద్ద చుక్కల చేప తల పైకెత్తి, కర్రను మూతితో ఒడ్డుకు నెట్టింది.

"నాయనా, నన్ను పొలుసయ్య పంతులు అంటారు. చేపల సంగతి చేపకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? నేను నేర్పుతాను. గడ్డీ గాదమూ అక్కర్లేదు."

'ఇంతకంటే గొప్ప గురువు ఎక్కడ దొరుకుతాడు!' అనుకుని భల్లన్న నేలమీద సాగిలపడ్డాడు.

మొదటిరోజు పంతులు చెప్పాడు: "గాలం వేసేముందు 'వేస్తున్నానండోయ్' అని మూడు కేకలు వెయ్యాలి. చెప్పాపెట్టకుండా ఒకరింటికి రావడం మర్యాద కాదు."

భల్లన్న గొంతు చించుకున్నాడు. చేపలన్నీ రాళ్ళ కిందికి దూరాయి.

"ఒక్కటీ పడలేదండీ పంతులుగారూ!"

"కేకలో శ్రుతి కుదర్లేదు నాయనా."

రెండోరోజు చెప్పాడు: "కొక్కెం తీసెయ్. ఇనుము కంపు కొడుతోంది."

భల్లన్న తీసేశాడు. చేపలు వచ్చి దొంగ ఈగతో బంతాట ఆడుకుని పోయాయి.

"ముట్టుకున్నాయండీ పంతులుగారూ!"

"చూశావా, ఎంత ముందుకొచ్చావో!"

మూడోరోజు చెప్పాడు: "చేపలకు నీమీద నమ్మకం కుదరాలి. నీ గుహలో తేనె ఏమైనా ఉందా?"

చలికాలానికి దాచుకున్న తేనెపట్లు రెండున్నాయి. భల్లన్న రోజుకో ముక్క తెచ్చి ఏట్లో వేశాడు. చేపలు గుమ్మడికాయల్లా తయారయ్యాయి. భల్లన్న తోలు మాత్రం అన్న చొక్కా తమ్ముడు తొడుక్కున్నట్టు వేలాడింది.

పదిహేనో రోజున పంతులు సభ పెట్టాడు. భల్లన్నకు నాచుదండ వేయించి, 'గాల శిరోమణి' అని బిరుదిచ్చాడు. కప్పలు చప్పట్లు కొట్టాయి. భల్లన్నకు ఆనందంతో కళ్ళు చెమర్చాయి. ఆ తరువాత ఆకలికి ఆగలేక ఆ దండను తినేశాడు.

చప్పట్లు విని మునకమ్మ వచ్చింది. వాణ్ణి కిందికీ పైకీ చూసింది.

"ఏరా, ఇన్ని రోజుల్లో ఎన్ని చేపలు పట్టావు?"

"బిరుదు పట్టాను అత్తా."

"దాన్ని కాల్చుకుని తింటావా, పులుసు పెట్టుకుంటావా?"

భల్లన్న బావురుమన్నాడు. "ఆయన చేప కదా అత్తా! ఆయనకు తెలియదా?"

"తెలుసురా, బాగా తెలుసు. చేప పట్టుబడకుండా ఉండటం ఎలాగో తెలుసు."

భల్లన్న కళ్ళు తుడుచుకుని కర్ర అందుకున్నాడు. మర్నాటినుంచి గడ్డి మీద విసిరాడు. చెయ్యి వాచింది. మిడతలు నవ్వాయి. మునకమ్మ తన బుట్టలోంచి రోజుకో చేప పెట్టి వాణ్ణి నిలబెట్టింది. పదో రోజుకు దొంగ ఈగ ఎండుటాకులా మెత్తగా వాలడం మొదలుపెట్టింది. అప్పటికే కొండమీద మంచు కనిపిస్తోంది.

భల్లన్న ఏటికి వెళ్ళి కర్ర ఎత్తాడు. పంతులు నీళ్ళలోంచి అరిచాడు.

"తప్పు నాయనా! కేక ఏది? కొక్కెం తియ్యలేదేం? గురువు మాటంటే లెక్కలేదా?"

అలవాటుకొద్దీ కేక గొంతుదాకా వచ్చింది. భల్లన్న దాన్ని మింగేసి, విసిరాడు. దారం బిగిసింది. అరచేతంత చేప, తళతళలాడుతూ ఒడ్డున పడింది!

భల్లన్న మోకాళ్ళ నొప్పి మరిచి గంతులేశాడు. సగం అత్తకు పెట్టి, సగం తాను తిని, మళ్ళీ కర్ర ఎత్తాడు. చలికాలం వచ్చేలోపు ఒళ్ళు చేశాడు. మంచు కరిగాక, అందరికంటే ఆలస్యంగానైనా, ఆవలిస్తూ గుహలోంచి బయటికి వచ్చాడు.

పొలుసయ్య పంతులు ఇప్పుడు ఒక కొంగకు పాఠాలు చెబుతున్నాడట. మొదటి పాఠం: "కళ్ళు గట్టిగా మూసుకో నాయనా."

నీతి: మనం ఓడితేనే బతికేవాడు మనకు గెలవడం నేర్పడు, గురువును ఎంచుకునేముందు మన ఓటమి ఎవరికి లాభమో చూసుకోవాలి.