సలోమి మొహమాటం

నరసాపురంలో లేసు అల్లుకుంటూ బతికే సలోమికి ఎంత కష్టమొచ్చినా నోరు విప్పి చెప్పాలంటే మొహమాటంగా ఉండేది. పొరుగింటి పాప పుట్టినరోజున బెలూన్లు ఊదితే ఆమె పెదాలు వాచాయి. అయినా కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుందే తప్ప ఎవరితోనూ అనలేదు.

ఒకసారి దవడ పన్ను పుచ్చి, నొప్పి భరించలేక పళ్ల డాక్టరు హైమవతి దగ్గరికి వెళ్లింది. డాక్టరు గ్లవ్స్ తొడుక్కోగానే గుప్పున రబ్బరు వాసన వచ్చింది. సలోమికి బెలూన్ల సంగతి గుర్తొచ్చింది. "అంత చదువుకున్నావిడకి నేను చెప్పేదేముందిలే" అనుకుని నోరు తెరిచింది.

కాసేపటికే నాలుక దురద పెట్టింది. పెదాలు ఉబ్బాయి. ఒంటి మీద దద్దుర్లు లేచాయి. ఊపిరి అందక సలోమి గిలగిల్లాడింది. హైమవతి వెంటనే గ్లవ్స్ తీసేసి, ఇంజక్షన్ చేసి, ఆక్సిజన్ పెట్టించి, పెద్దాసుపత్రికి దగ్గరుండి తీసుకెళ్లింది.

సలోమి తేరుకున్నాక, "ఇదివరకు రబ్బరు తగిలితే ఎప్పుడైనా ఇలా అయిందా?" అని హైమవతి అడిగింది.

"బెలూన్లు ఊదినప్పుడు పెదాలు వాచాయండి."

"మరి చెప్పలేదేం తల్లీ?"

"మీకు చెప్పేంతదాన్నా అనుకున్నానండి."

"ముందే అడగకపోవడం నా తప్పు. కానీ నీ ఒంటి సంగతి నువ్వు చెప్తేనే కదా మాకు తెలిసేది! ఇక ఏ డాక్టరు దగ్గర కూర్చున్నా ముందు ఆ మాటే చెప్పు."

సలోమి సరేనంది. ఈసారి నోరు మూసుకుని ఉండకూడదని గట్టిగా అనుకుంది.

కొన్నాళ్లకు పన్ను మళ్లీ సలిపింది. హైమవతి ఊళ్లో లేకపోవడంతో వేరే ఆసుపత్రికి వెళ్లింది. అక్కడి కుర్ర డాక్టరు హడావిడిగా రబ్బరు గ్లవ్స్ అందుకున్నాడు.

"ఆగండి బాబూ! నాకు రబ్బరు పడదు" అంది సలోమి.

"ఏం కాదమ్మా, రెండు నిమిషాల పని."

సలోమి కుర్చీలోంచి లేచి నిలబడింది. "నా ఊపిరి ఆగిపోవడానికి ఆ రెండు నిమిషాలు చాలండి. మొన్న చావు తప్పించుకుని వచ్చాను. రబ్బరు లేనివి ఉంటేనే కూర్చుంటాను. లేకపోతే నొప్పితోనే ఇంటికి పోతాను."

డాక్టరు చేతులు ఆగిపోయాయి. "మంచిపని చేశారమ్మా, చెప్పారు" అని, ఆమెను బయట కూర్చోబెట్టి, గదిలోని రబ్బరు సామానంతా తీయించాడు. రబ్బరు లేని గ్లవ్స్ తెప్పించి, అప్పుడు పన్ను తీశాడు. సలోమికి ఒక్క దద్దురు కూడా రాలేదు.

మన ఒంటికి పడనిదేదో మనమే ముందుగా, ధైర్యంగా చెప్పాలి. ప్రాణం మీదికి తెచ్చే మొహమాటం మర్యాద అనిపించుకోదు.