పన్నెండు గంటల ఇంజెక్షన్

డాక్టర్ ఇందీవరకి గోల్డ్ మెడల్ వచ్చింది. ఆ సంగతి మా కాన్పుల వార్డులో ఈగలక్కూడా తెలుసు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, పిల్ల తెలివైనదే.

ఆ రోజు పొద్దున్న ఎనిమిదింటికి కాసులమ్మని కొండమీంచి డోలీలో మోసుకొచ్చారు. నిండు చూలాలు. బీపీ విపరీతంగా పెరిగి ఫిట్స్. ఇందీవర చకచకా మెగ్నీషియం ఇంజెక్షన్లు ఇచ్చింది. ఫిట్స్ ఆగాయి. పదింటికి ఆడపిల్ల పుట్టింది.

"ఎలా ఆగాయో తెలుసా సిస్టర్?" అంది నాతో. "మెదడులో గ్లుటమేట్ అనే రసాయనం ఉంటుంది. అది తలుపు తెరిస్తే నరాలు రేగిపోతాయి. మెగ్నీషియం వెళ్ళి ఆ గుమ్మంలో అడ్డంగా కూర్చుంటుంది. ఇంక లోపలికి ఏదీ పోదు."

కాసులమ్మ హాయిగా నిద్రపోతోందనుకుంది ఇందీవర. నేనూ అలాగే అనుకున్నాను. ముప్పై ఏళ్ళ సర్వీసు ఎందుకు, తగలెయ్యనా!

పన్నెండయింది. రెండో డోసు టైము. ఇందీవర సిరంజి నింపింది. వరండాలోంచి కాసులమ్మ తల్లి పసిగుడ్డునెత్తుకుని తొంగిచూసింది.

"మా అమ్మి ఎప్పుడు లెగుస్తాది డాక్టరమ్మా? పాప పాలకి ఏడుస్తన్నాది."

అంతలో పెద్ద డాక్టరు విశాలాక్షి మేడమ్ రౌండ్సుకి వచ్చారు.

"మేడమ్, మళ్ళీ ఫిట్స్ వస్తే మనిషి దక్కదు. డోసు కొంచెం పెంచమంటారా?" అంది ఇందీవర.

"నన్నడుగుతావేం? ఆమెనడుగు."

"నిద్రలో ఉంది కదా మేడమ్."

మేడమ్ కోటు జేబులోంచి చిన్న రబ్బరు సుత్తి తీసి ఇందీవర చేతిలో పెట్టారు. సిరంజి తాను తీసుకున్నారు.

ఇందీవర కాసులమ్మ మోకాలి కింద సుత్తితో తట్టింది. కాలు కదల్లేదు. మళ్ళీ తట్టింది. ఊహూఁ. రెండో మోకాలూ అంతే. మెగ్నీషియం ఎక్కువైతే ముందు పోయేది ఆ కదలికే.

మేడమ్ మంచం పక్కనున్న మూత్రం సంచి ఎత్తి చూపించారు. అడుగున నాలుగు చెంచాలు కూడా లేదు. పొద్దున్న ఇచ్చిన మందు బయటికి పోనేలేదు, ఒంట్లోనే పేరుకుపోయింది. నేను వాచీ చూస్తూ ఊపిరి లెక్కపెట్టాను. నిమిషానికి పది. పదహారైనా ఉండాలి. ఆ సిరంజి దిగి ఉంటే ఆ పదీ ఉండేవి కావు.

"కాల్షియం తీసుకురా," అన్నారు మేడమ్.

మెగ్నీషియానికి అదే విరుగుడు. ఇందీవరే నరంలోకి ఎక్కించింది, పది నిమిషాల పాటు, మెల్లిగా. బయట పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. నేను పైకే లెక్కపెడుతున్నాను. పదకొండు. మళ్ళీ పదకొండే. తల్లీ, ఊపిరి తీసుకో! పద్నాలుగు. పదిహేడు.

ఇందీవర సుత్తి అందుకుంది. తట్టబోయి ఆగింది. భయం. తర్వాత తట్టింది.

కాలు ఎగిరింది.

కాసులమ్మ కళ్ళు సగం విప్పి గొణిగింది. "ఎందుకే కొడతన్నావు?"

ఇందీవర నవ్వబోయి ఏడ్చేసింది.

"చెప్పిందా?" అడిగారు మేడమ్.

"చెప్పింది మేడమ్."

ఆ సుత్తిని తిరిగిమ్మని మేడమ్ అడగలేదు.