పసుపుచుక్క మీది గీతలు

బాలశౌరికి ఒకటే బాధ. గుండాలమెట్టను క్వారీకి ఇచ్చేస్తున్నారు, దాన్ని ఎలాగైనా ఆపాలి. మెట్ట మీద ఏముందయ్యా అని అడిగితే చూపించడానికి పులి లేదు, గుడి లేదు. రాళ్లు, ముళ్లకంప, ఉత్తరం వైపు బండ పగులులో ఒక చిన్న పొద. వేసవి మొదట్లో ఆ పొదకు చిన్నచిన్న పసుపుపచ్చటి పూలు పూస్తాయి. గొర్రెలవాళ్లు పసుపుచుక్క అంటారు. అది ఇంకెక్కడా లేదని మా గురువుగారు ఫాదర్ ఇన్నయ్య ఎప్పట్నుంచో మొత్తుకుంటూనే ఉన్నారు. వినేదెవరు?

గురువుగారు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరై, మెట్ట కింద ఆశ్రమంలో ఉండేవారు. ఆయనకో పిచ్చి. పువ్వును తేనెటీగకు కనపడినట్టు ఫొటో తీయడం. ఎండలో మన కంటికి ఆనని వెలుగొకటి ఉంది, అతినీలలోహితం అంటారు. అది తేనెటీగకు ఆనుతుంది. మనకు ఉత్త పసుపుగా కనపడే పువ్వు మీద ఈగకు మచ్చలూ చారలూ కనపడతాయి, తేనె ఇటుంది రా అని దారి చూపిస్తాయి.

కొత్త లెన్సులు ఆ వెలుగును మింగేస్తాయని, మూసేసిన స్టూడియోలో ఫొటోలు పెద్దవి చేసే యంత్రానికున్న పాత లెన్సు ఊడదీయించి తెచ్చుకున్నారు. దాని ముందు ఒక నల్ల ఫిల్టరు. అది బిగించాక మనకేమీ కనపడదు, గుడ్డిగా తీయాల్సిందే. ఆ కాస్త వెలుగు చాలక కెమెరా చాలాసేపు తెరిచి ఉంచాలి. ఈలోగా పువ్వు గాలికి ఊగిందా, అంతా గంగపాలు. మెట్ట మీది గాలికి పసుపుచుక్క ఒక్కటీ ఏ ఏడూ ఆయన కెమెరాకు చిక్కలేదు.

అందుకని ఆయనకో నియమం. కాడను వెదురుపుల్లకు బట్టల క్లిప్పుతో పట్టించి, చేతులు వెనక్కి కట్టుకుని, గాలి ఆగేదాకా కూర్చోవాలి. పువ్వును మాత్రం ముట్టుకోకూడదు. బాలశౌరీ నేనూ ఆయన దగ్గర నేర్చుకున్న విద్యలో సగం ఈ కూర్చోవడమే. నేను పుట్టు బద్ధకస్తుణ్ణి, నాకు తేలిగ్గా వచ్చేసింది. వాడికి రాలేదు.

ఆ ఏడు మెట్ట మీద పూలు విచ్చిన సమయానికే గురువుగారికి కంటి ఆపరేషన్ పడింది. తోడుగా నేను గుంటూరు వెళ్లాను. తిరిగొచ్చేసరికి బాలశౌరి గేటు దగ్గరే కాపు కాశాడు. వాడి మొహం చూస్తే పెళ్లి కుదిరిందేమో అనుకున్నాను. చేతి సంచి కూడా దించనివ్వకుండా పసుపుచుక్క ఫొటో చూపించాడు.

నేను నోరు తెరిచాను. తెల్లగా మెరుస్తున్న రేకు మీద సన్నటి నల్ల గీతలు. ఒకదాని పక్కన ఒకటి, వంపు తిరిగి, మధ్యలోకి పోతున్నాయి. ఇట్టాంటి దారి ఏ పువ్వు మీదా ఎవరూ చూడలేదన్నాడు. క్వారీ మీద విచారణ జరపడానికి వచ్చే పెద్దల్లో ఒకాయనకు ఫోన్లో చెబితే, అదే నిజమైతే మెట్ట జోలికి ఎవరూ రారు, ఫొటో పట్టుకుని రా అన్నాడట. విచారణ వచ్చే వారమే. ఊళ్లో అప్పటికే అందరికీ చెప్పేశాడు. కడుపులో మాట దాచుకునే రకం కాదు వాడు.

గురువుగారు నల్లద్దాలు తీసి ఫొటోను దగ్గరగా పెట్టుకుని చూశారు. చాలాసేపు చూశారు. పొద్దున్నే ఎండలోకి వెళ్దాం, తయారుగా ఉండమన్నారు.

పొద్దున బాలశౌరి ఎప్పటిలాగే ఎండ తగలకుండా మొహానికీ చేతులకూ క్రీము రాసుకుని వచ్చాడు. గురువుగారు మెట్ట వైపు పోలేదు. ఆశ్రమం పెరట్లో పొద్దుతిరుగుడు మొక్క ముందు కెమెరా నిలబెట్టి, పువ్వు రేకు పట్టుకోమన్నారు.

"ఎట్లా పట్టుకోమంటారు?"

"మెట్ట మీద పట్టుకున్నట్టే."

బాలశౌరి మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఎంతసేపు కూర్చున్నా గాలి ఆగలేదు గురువుగారూ, రేకు పట్టుకుని ఊపు ఆపాను" అన్నాడు మెల్లగా. అయినా బొటనవేలూ చూపుడువేలూ వేసి రేకు పట్టుకున్నాడు. కాసేపయ్యాక వదిలెయ్యమని, గురువుగారు ఫొటో తీశారు.

రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టారు. అవే గీతలు, అదే వంపు. ఎండను ఆపే క్రీము కంటికి కనపడదు, ఈ కెమెరాకు మాత్రం మసి పూసినట్టు కనపడుతుంది. మెట్టను కాపాడబోయే ఆ వింత దారి మావాడి బొటనవేలి ముద్ర. ఎంత ఆశ పెట్టుకున్నామో వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

బాలశౌరి తలెత్తాడు.

"ఎవరికి తెలుస్తుంది గురువుగారూ? మెట్ట మిగులుతుంది గదా."

నిజం చెప్పొద్దూ, నాకూ ఆ మాట సబబుగానే తోచింది. ఒక్క అబద్ధానికి ఒక మెట్ట. బేరం మంచిదే.

గురువుగారు లేచారు. లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లూ సబ్బుబిళ్లా తెచ్చారు. వంగొద్దని డాక్టరు మరీమరీ చెప్పాడు. నేను అడ్డం వెళ్లినా వినకుండా వాడి ముందు వంగి, వాడి చేతులు తన చేతుల్లోకి తీసుకుని, ఒక్కో వేలూ రుద్ది కడిగారు. పవిత్ర గురువారం నాడు, ఏసు తన శిష్యులకు కడిగినట్టు, గుడిలో జనం కాళ్లు కడిగేటప్పుడు ఎంత నింపాదిగా కడుగుతారో అంత నింపాదిగా. బాలశౌరి ఏడుస్తున్నాడు. చేతులు తన అంగీ అంచుతో తుడిచి, పద అన్నారు.

మెట్ట ఎక్కేసరికి పొద మీద ఒక్క పువ్వే మిగిలింది, అదీ అంచులు వాడిపోయి. క్లిప్పు పెట్టాం. చేతులు వెనక్కి కట్టుకుని కూర్చున్నాం. ఎండ నెత్తి మీదికి వచ్చాక గాలి ఆగింది. బాలశౌరే తీశాడు.

రేకుల మీద గీత లేదు, మచ్చ లేదు. తెల్లగా, బోసిగా ఉందంతే.

విచారణలో బాలశౌరి ఆ ఫొటోనే పెట్టాడు. పెద్దలు తిప్పి తిప్పి చూశారు. "ఇందులో విశేషమేముంది బాబూ?" అన్నాడు ఫోన్లో మాట్లాడిన ఆయన. గీతలున్నాయని చెప్పావే అన్నాడు. అవి నా వేలిముద్రలండీ అని చెప్పాడు వాడు. ఎవరో నవ్వారు. టీలు తాగారు, వెళ్లిపోయారు.

వానలు వెలవగానే మెట్ట మీద పేలుళ్లు మొదలయ్యాయి. ముందు ఉత్తరం వైపే తొలిచారు. గురువుగారు ఎన్నో ఏళ్లుగా పసుపుచుక్క గింజలు తెచ్చి కుండీల్లో వేస్తూనే ఉన్నారు, ఒక్కటీ మొలిచిన పాపాన పోలేదు. ఈసారి కూడా అంతే.

మెట్ట మీద గొర్రెలు మేపుకునే కోటమ్మ ఒకరోజు బజార్లో బాలశౌరిని నిలబెట్టి అడిగింది. కోపంగా కూడా కాదు, అదే బాధ. "ఆ గీతల బొమ్మే చూపిస్తే నీ సొమ్మేం పోయేది నాయనా?" 

ఆ మధ్యాహ్నమే వాడు కెమెరా పెట్టె తెచ్చి గురువుగారి బల్ల మీద పెట్టేశాడు. ఇంక నా వల్ల కాదన్నాడు. ఒక్క మాట దాస్తే మెట్ట ఉండేది, నా చేతులారా పోగొట్టాను అన్నాడు. ఇన్నాళ్లూ మింగుకున్నదంతా కక్కేశాడు. గురువుగారి మీద కూడా కోపం ఉంది వాడికి, ఆ రోజు అదీ దాచుకోలేదు.

ఆయన అంతా విన్నారు. పెట్టె వైపు చూడలేదు. గోడకున్న బోసి పువ్వు ఫొటో దించి, పటం లోంచి తీసి, బల్ల మీద వాడి ముందు పెట్టారు.

"ఆ పువ్వు ఇంకెక్కడా లేదురా. ఉన్న ఒక్క ఫొటోలోనైనా అది ఉండొద్దా?"

బాలశౌరి ఫొటో అందుకోబోయి ఆగిపోయాడు.

మెట్ట వైపు నుంచి మళ్లీ పేలుళ్లు మొదలయ్యాయి. బల్ల అదురుతుంటే ఫొటో కూడా అదురుతోంది. వాడు చేతులు వెనక్కి కట్టుకుని, అది ఆగేదాకా కూర్చున్నాడు.